మొసలికి కోడి చుట్టం

బల్లి, మొసలి, కోడి. ఈ మూడింటిలో ఏ రెండు దగ్గరి చుట్టాలని అడిగితే బడి మొహం చూడనివారూ బడిలో పాఠం చెప్పేవారూ ఒకే జవాబిస్తారు: బల్లీ మొసలీ. అందులో అనుమానించడానికేముంది? రెండింటికీ పక్కలకు చాచిన నాలుగు కాళ్ళు, పొడవాటి తోక, ఒంటినిండా పొలుసులు. రెండూ ఎండలో ఒళ్ళు కాచుకుంటాయి. కోడికేమో ఈకలు, రెక్కలు, పళ్ళులేని ముక్కు, వెచ్చని నెత్తురు. అయినా జీవశాస్త్రం ఇవాళ ఇస్తున్న జవాబు వేరు. బతికివున్న జీవులన్నిటిలోకీ మొసలికి దగ్గరి చుట్టాలు పక్షులు. సంగారెడ్డి దగ్గరి మంజీర అభయారణ్యంలో ఒడ్డున నోరు తెరుచుకుని పడుకున్న మొసలికి, గోడమీది బల్లికన్నా పెరట్లో గింజలేరుకునే కోడి దగ్గరి బంధువు. చమత్కారానికి అంటున్న మాట కాదిది. ఈ జవాబు ఎలా వచ్చిందో తరచి చూస్తే, జీవుల వర్గీకరణ అనే పనికి అసలు లక్ష్యమేమిటో బోధపడుతుంది. పోలికలు లెక్కపెట్టినంత మాత్రాన ఆ పని పూర్తికాదు. వంశం కనుక్కోవాలి. పోలికా వంశమూ ఒకటేననుకున్నన్నాళ్ళూ పెద్దపెద్ద పండితులు సైతం పొరబడుతూనే వచ్చారు.

అలా పొరబడినవారిలో ఈ శాస్త్రానికి పునాది వేసిన మనిషే మొదటివాడు. స్వీడన్ దేశస్థుడు కార్ల్ లినేయస్ 1735లో ‘సిస్టమా నేచురే’ అనే చిన్న గ్రంథం వేశాడు. అది కూర్పు కూర్పుకూ పెరుగుతూ పోయింది. 1758లో వచ్చిన పదో కూర్పునే నేటికీ జంతువుల శాస్త్రీయ నామాలకు మొదలుగా లెక్కిస్తారు. మనకు ఇంటిపేరూ పేరూ ఉన్నట్టు ప్రతి జీవికీ ప్రజాతి పేరూ జాతి పేరూ కలిపి రెండు మాటల నామం అందులో స్థిరపడింది. మొదటి కూర్పులో చేపల్లో ఉన్న తిమింగలాన్ని ఈ పదో కూర్పులో లినేయస్ పాలిచ్చే జంతువుల్లోకి మార్చాడు. ఆకారం చూసి మోసపోకుండా తీసుకున్న గొప్ప నిర్ణయమది. కానీ అదే పుస్తకంలో మొసలిని బల్లుల ప్రజాతిలో వేసి ‘లాసెర్టా క్రోకోడిలస్’ అని పేరు పెట్టాడు. తిమింగలం దగ్గర ఆకారాన్ని పక్కన పెట్టినవాడు మొసలి దగ్గరికి వచ్చేసరికి ఆకారాన్నే నమ్మాడు. ఇది అతని అజాగ్రత్త అనలేం. ఏ పోలికను లెక్కలోకి తీసుకోవాలి, దేన్ని వదిలెయ్యాలి అని చెప్పే సూత్రం ఆనాటికి లేదు. జాతులన్నీ సృష్టికర్త విడివిడిగా చేసినవని నమ్మిన కాలంలో ‘చుట్టరికం’ అన్న మాటకు అర్థం కూడా లేదు.

ఆ అర్థం ఇచ్చినవాడు చార్లెస్ డార్విన్. 1837లో తన నోటుపుస్తకంలో అతను కొమ్మలు చీలుతున్న ఒక చిన్న చెట్టు గీసుకున్నాడు. 1859లో వెలువడిన ‘జాతుల ఉత్పత్తి’ గ్రంథంలో ఉన్న ఒకే ఒక్క బొమ్మ కూడా అలాంటి చీలికల పటమే. జీవులన్నీ పాత జీవుల నుంచి మార్పులతో దిగివచ్చినవైతే, సరైన వర్గీకరణ అంటే వంశవృక్షమే అవుతుంది. మాట తేలిగ్గానే ఉంది, చేతల్లోనే చిక్కంతా. ఎందుకంటే రెండు జీవుల మధ్య పోలిక మూడు దారుల్లో రావచ్చు. ఎప్పటి తాతముత్తాతల నుంచో ఊరందరికీ సంక్రమించినది కావచ్చు. ఆ రెంటికే ఉమ్మడిగా ఉన్న దగ్గరి తాత నుంచి వచ్చినది కావచ్చు. లేదా ఏ సంబంధమూ లేకపోయినా ఒకే రకం బతుకు బతకడం వల్ల ఏర్పడినది కావచ్చు. ఇద్దరికి రెండేసి చేతులున్నాయని వాళ్ళను అన్నదమ్ములనలేం, ఎందుకంటే ఊళ్ళో అందరికీ రెండేసి చేతులే. ఇద్దరి అరచేతులూ కాయలుకాసి ఉన్నాయనీ అనలేం, ఇద్దరూ కమ్మరులైతే చాలు. చుట్టరికానికి సాక్ష్యం పలికేది ఆ రెండో రకం పోలిక ఒక్కటే. దాన్ని మిగతా రెంటి నుంచి ఏరి తీసే పద్ధతి కుదరడానికి డార్విన్ తర్వాత దాదాపు వందేళ్ళు పట్టింది.

ఆ పద్ధతికి స్పష్టమైన రూపం ఇచ్చినవాడు ఈగలూ దోమల మీద పరిశోధన చేసిన జర్మన్ కీటకశాస్త్రవేత్త విల్లీ హెన్నిగ్. అతని పుస్తకం 1950లో జర్మన్‌లో వచ్చింది. 1966లో ఇంగ్లీషులోకి వచ్చాక లోకం పట్టించుకుంది. హెన్నిగ్ చెప్పినది మన తాళపత్రాల పరిష్కర్తలకు కొత్త సంగతేమీ కాదు. ఒకే కావ్యానికి పది ప్రతులు దొరికాయనుకుందాం. ఏ ప్రతి చూసి ఏ ప్రతి రాశారో తేల్చాలి. పది ప్రతుల్లోనూ సరిగ్గా ఉన్న పద్యం ఏమీ చెప్పదు, అది మూలం నుంచి అందరికీ వచ్చిందే. కానీ మూడు ప్రతుల్లో మాత్రం ఒకచోట ఒకే పాదం జారిపోయి, మరోచోట ఒకే మాట తప్పుగా పడి ఉంటే, ఆ మూడూ ఒకే మాతృక నుంచి పుట్టాయని పరిష్కర్త గ్రహిస్తాడు. ఉమ్మడి ఒప్పులు వంశం చెప్పవు, ఉమ్మడి తప్పులు చెబుతాయి. జీవుల విషయంలో తప్పు అనకుండా ‘కొత్త మార్పు’ అంటారు, అంతే తేడా. ఒక పూర్వీకుడిలో కొత్తగా పుట్టి, అతని సంతతికి మాత్రమే అందిన లక్షణం ఆ సంతతికి ముద్ర అవుతుంది. అలా ఒక పూర్వీకుడూ అతని సంతానం మొత్తమూ కలిసినదే హెన్నిగ్ దృష్టిలో నికరమైన వర్గం.

ఈ గీటురాయి మీద మన మూడు జీవులనూ గీసి చూద్దాం. బల్లికీ మొసలికీ ఉమ్మడిగా ఉన్న నాలుగు కాళ్ళు, తోక, చల్లని నెత్తురు, పాకే నడక దాదాపు అన్నీ పాత ఆస్తే. కోడి పూర్వీకులకూ ఇవి ఉండేవి, కోడి శాఖ వాటిని మార్చుకుంది. కనుక అవి బల్లినీ మొసలినీ కలిపే సాక్ష్యం కాలేవు. ఇక మొసలికీ కోడికీ మాత్రమే ఉమ్మడిగా ఉన్నవేమిటి? వాటి గుండెలో నాలుగు గదులు పూర్తిగా విడివడి ఉంటాయి. బల్లి గుండెలో జఠరిక పూర్తిగా రెండుగా చీలదు. పక్షి పుర్రెలో కంటికీ ముక్కురంధ్రానికీ మధ్య మరో రంధ్రం ఉంటుంది. ఇప్పటి మొసళ్ళలో అది పూడుకుపోయింది గానీ వాటి పూర్వీకుల శిలాజాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. డైనోసార్లలోనూ ఉంది. బల్లుల శాఖలో ఎక్కడా లేదు. నడవడికలోనూ పొత్తు ఉంది. మొసలి గూడు కట్టి, గుడ్లకు కాపలా కాసి, లోపలి పిల్లల కూత విని గూడు తవ్వి, వాటిని నోట కరుచుకుని నీళ్ళలో దించుతుంది. గుడ్డులోంచే పిల్ల కూయడం, తల్లి బదులు పలకడం కోళ్ళు పెంచే ఇంట ఎవరికైనా తెలిసిన సంగతే. ఈ మొసళ్ళనూ పక్షులనూ, వాటి మధ్య పుట్టి గిట్టిన డైనోసార్లనూ కలిపి ఆర్కోసార్లు అంటారు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. నాలుగు గదుల గుండె మనిషికీ ఆవుకూ కూడా ఉంది కదా? పైగా పక్షులకూ మనకూ వెచ్చని నెత్తురు ఉమ్మడి. అలాగైతే కోడిని మొసలి పక్కన కాక మన పక్కనే పెట్టాలి కదా? ఈ వాదన చేసినవాళ్ళు సామాన్యులు కారు. 19వ శతాబ్దంలో రిచర్డ్ ఓవెన్ ఇదే దారిలో ఆలోచించాడు, 1980ల్లో మళ్ళీ కొందరు దాన్ని ముందుకు తెచ్చారు. జవాబు గుండె పక్కనే ఉంది. గుండె నుంచి బయలుదేరే మహాధమని పక్షిలో కుడివైపు వంగుతుంది, మనలో ఎడమవైపు. మొసలిలో రెండు వంపులూ ఉన్నాయి. అంటే పక్షి శాఖా మన శాఖా వేర్వేరు వంపులను వదులుకుని, వేర్వేరు దారుల్లో నాలుగు గదులకు చేరాయి. వీధిలో రెండిళ్ళు ఒకేలా కనిపించినా లోపలి గోడలు చూస్తే వేర్వేరు మేస్త్రీలు కట్టారని తెలిసిపోయినట్టు. శిలాజాలు కూడా కలిపి లెక్కవేసిన 1988 నాటి పరిశీలనలో పక్షి మళ్ళీ మొసలి పక్కకే చేరింది. ఊపిరితిత్తులది ఇంకో పాఠం. పక్షి ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిశలో ప్రవహిస్తుంది. 2010లో అలిగేటర్‌లోనూ అదే తీరు బయటపడితే మొసలి–పక్షి చుట్టరికానికి మరో ముద్ర దొరికినట్టే అనిపించింది. 2013లో ఆఫ్రికా ఉడుములోనూ అదే కనబడేసరికి ఆ సాక్ష్యం బలం తగ్గింది. ఒక్క లక్షణాన్ని పట్టుకుని తీర్పు చెప్పకూడదన్న జాగ్రత్త ఈ శాస్త్రంలో అడుగడుగునా అవసరం.

బతుకుతెరువు తెచ్చే పోలిక ఎంత మోసం చెయ్యగలదో తెలుసుకోవడానికి దూరం వెళ్ళనక్కరలేదు. ప్రాణహిత–గోదావరి లోయలో, పూర్వపు ఆదిలాబాద్ జిల్లా మలేరి ప్రాంతపు ఎర్రమట్టి పొరల్లో 20 కోట్ల ఏళ్ళకు పైబడిన శిలాజాలు ఉన్నాయి. వాటిలో ఒకటి పారాసూకస్. పొడుగు మూతి, వాడి పళ్ళు, వీపున ఎముక పలకల కవచం చూస్తే గంగానదిలో ఉండే ఘరియల్ మొసలి అనే భ్రమపడతాం. అయితే ముక్కురంధ్రాలు మూతి చివరన లేవు, వెనక్కి జరిగి కళ్ళ దగ్గర ఉన్నాయి. నీళ్ళలో పొంచి ఉండి ఊపిరి పీల్చుకోవాలన్న ఒకే అవసరానికి మొసళ్ళు మూతి చివర, ఈ జీవులు నెత్తి మీద పరిష్కారం వెతుక్కున్నాయి. అందువల్ల పారాసూకస్ మొసలికి తాత కాదు. వేరే శాఖలో పుట్టి, అదే వేటకు అలవాటుపడి, మొసళ్ళు ఆ రూపానికి రాకముందే అంతరించిన జీవి. ఆకారం చూసి వంశం చెప్పేవాడు ఇక్కడ తప్పక పొరబడతాడు. ముక్కురంధ్రం ఎక్కడుందో చూసినవాడు పొరబడడు.

ఎముకలు ఇంత తికమక పెడితే డీఎన్‌ఏ తీసి చూస్తే సరిపోదా అని నేటి పాఠకుడు అడగవచ్చు. డీఎన్‌ఏ కూడా పదేపదే నకలు రాసిన తాళపత్రమే. నాలుగే అక్షరాలున్న లిపి, తరతరానికీ ఎక్కడో ఒక రాతతప్పు. ఒకే జన్యువును వేర్వేరు జీవుల నుంచి తీసి వరసగా పేర్చి, ఏ తప్పు ఎవరెవరికి ఉమ్మడో చూస్తారు. లక్షల అక్షరాలు దొరుకుతాయి కాబట్టి బలం ఎక్కువే. అయితే చిక్కులూ ఉన్నాయి. అక్షరాలు నాలుగే కావడంతో ఒకే తప్పు రెండు చోట్ల విడివిడిగా జరగవచ్చు. పైగా అన్ని వంశాల్లో తప్పులు ఒకే వేగంతో పడవు. 2014లో మూడు మొసలి జాతుల జన్యుపటాలు ప్రచురించినప్పుడు వాటిలో మార్పు చాలా నెమ్మదిగా సాగిందని తేలింది. పక్షుల్లో వేగం ఎక్కువ. నెమ్మదిగా మారే రెండు జీవులు పాత అక్షరాలను అలాగే ఉంచుకుని, చుట్టరికం లేకపోయినా ఒకేలా కనిపిస్తాయి. అంటే ఒట్టి పోలిక డీఎన్‌ఏలోనూ మోసం చేస్తుంది. అందుకే గణనపద్ధతులు ఈ వేగాల తేడాను కూడా లెక్కలో కట్టుకుంటాయి. అలా కట్టుకున్నాక వచ్చిన తీర్పు ఎముకల తీర్పుతో ఏకీభవించింది. మొసలీ పక్షీ ఒకే కొమ్మ. ఆ కొమ్మ రెండుగా చీలి సుమారు 24 కోట్ల ఏళ్ళు.

అంత పాత సంగతికి ప్రత్యక్షసాక్షి ఎవరు, ఎలా నమ్మాలి? ఈ ప్రశ్నకు లెక్కే జవాబు చెబుతుంది. బల్లి, తాబేలు, మొసలి, కోడి, మనిషి అనే ఐదు జీవులతో రెండేసి కొమ్మలుగా చీలే వంశవృక్షాలు 105 గీయవచ్చు. జీవులు పదికి పెరిగితే 3 కోట్ల 44 లక్షలు దాటుతాయి. ఎముకలు చదివేవారికీ జన్యువులు చదివేవారికీ ఆధారాలు వేరు, పనిముట్లు వేరు. అన్ని చెట్ల నుంచి ఇద్దరూ విడివిడిగా ఒకే కొమ్మను ఎంచుకుంటే దాన్ని కాకతాళీయమనడం కష్టం. ఇంకో పరీక్ష కూడా ఉంది. వంశవృక్షం నిజమైతే చూడని సంగతులు కూడా చెప్పగలగాలి. మొసలీ కోడీ రెండూ గుడ్లను కాచుకుంటాయి కనుక ఆ కొమ్మమీదే పుట్టిన డైనోసార్లూ కాచుకుని ఉండాలి. మంగోలియా గోబీ ఎడారిలో గుడ్లగూటి దగ్గర దొరికిన ఒక డైనోసార్‌కు 1924లో, ఎవరివో గుడ్లు తినడానికి వచ్చిందనుకుని ‘ఓవిరాప్టర్’, అంటే గుడ్లదొంగ అని పేరు పెట్టారు. 1990ల్లో అలాంటి గుడ్డులోనే ఆ కుటుంబానికి చెందిన పిండం బయటపడింది. గుడ్ల మీద పక్షిలా పొదుగుతున్న భంగిమలో ఆ కుటుంబపు అస్థిపంజరం కూడా దొరికింది. దొంగ అనుకున్నది తల్లో తండ్రో అయింది.

‘ఈ చెట్టును ఏటేటా మారుస్తారు కదా, ఇవాళ్టిది రేపు ఉంటుందా?’ అనేది మరో అభ్యంతరం. మారుస్తారన్నది నిజమే. తాబేలు సంగతే చూడండి. దాని పుర్రెలో కణతల దగ్గర రంధ్రాలు లేవు కనుక అతి ప్రాచీన శాఖ అని చాలాకాలం నమ్మారు. డీఎన్‌ఏ దాన్ని అక్కడినుంచి లేపి మొసలి దగ్గరికి చేర్చింది. తొలినాటి కొన్ని పరిశీలనలు ఏకంగా మొసలి పక్కనే కూర్చోబెట్టాయి. 2012 నాటికి పెద్ద ఎత్తున జన్యువులు చదివాక, మొసలీ పక్షీ కలిసిన కొమ్మకు తాబేలు పక్కకొమ్మ అని కుదుటపడింది. 2015లో జర్మనీలో దొరికిన 24 కోట్ల ఏళ్ళ నాటి తాబేలు పూర్వీకుడు పాపోకెలిస్ పుర్రెలో ఆ రంధ్రాలు ఉన్నాయి. అంటే తాబేలు వాటిని తర్వాత పూడ్చుకుంది. ఇన్నిసార్లు తాబేలు చోటు మారినా మొసలి–పక్షి పొత్తు మాత్రం చివరికి నిలిచింది. మార్పులన్నీ ఒక్క బరువున్నవి కావు. కొత్త తాళపత్రం దొరికితే పాఠాన్ని సవరించే పరిష్కర్తను నమ్మకూడదంటామా? సవరించనివాణ్ణే నమ్మకూడదు. బాక్టీరియా లోకంలో ఒక జాతి జన్యువులు మరోదానిలోకి అడ్డంగా దూరుతుంటాయి కాబట్టి అక్కడ చెట్టుకు బదులు వల కనిపిస్తుందన్న మాటా నిజం. దానివల్ల మొసళ్ళ, కోళ్ళ చుట్టరికానికి వచ్చే లోటేమీ లేదు.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం వాడుక నుంచి వస్తుంది. పక్షి అంతగా మారిపోయాక దాన్ని మొసలితో కట్టెయ్యడం దేనికి, సరీసృపాలు వేరు పక్షులు వేరు అంటే నష్టమేమిటని ఎర్నెస్ట్ మేయర్ వంటి మహాపండితుడే వాదించాడు. వాడుకలో ఆ మాటలు ఉండనివ్వవచ్చు. సముద్రంలోని సీలకాంత్, నదుల్లోని ఊపిరితిత్తుల చేప బొచ్చెకన్నా మనకే దగ్గరి చుట్టాలు. అలాగని చేపల మార్కెట్ పేరు మార్చనక్కరలేదు. కానీ ఒక జీవి గురించి తెలిసినదాన్ని బట్టి ఇంకోదాని గురించి ఊహించాల్సి వచ్చినప్పుడు వాడుక పేరు చెయ్యిస్తుంది. రాబందులే ఉదాహరణ. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా లోపలికి చేరి మూత్రపిండాలు పాడై మన రాబందులు చస్తున్నాయని 2004లో తేలింది. 2006లో భారతదేశం ఆ మందును పశువైద్యంలో నిషేధించింది. అమెరికాలోని టర్కీ రాబందు అదే మందును ఎన్నో రెట్ల మోతాదులో తట్టుకుంది. పేరుకు రెండూ రాబందులే, బోడితలా కళేబరాల తిండీ ఒకటే. కానీ మన రాబందు గద్దల కుటుంబానిది, అమెరికా రాబందుది వేరే కుటుంబం. రాజస్థాన్‌లో చనిపోయి దొరికిన స్టెపీ గద్దల్లోనూ తర్వాత డైక్లోఫెనాక్ కనిపించింది. రాబందు అన్న పేరు చూసినవారు అమెరికా ఫలితాన్ని నమ్మి నిశ్చింతగా ఉండేవారు. వంశం చూసినవారు గద్దల గురించి జాగ్రత్తపడి ఉండేవారు.

మన పత్రికలూ పాఠ్యపుస్తకాలూ డైనోసార్‌ను రాక్షసబల్లి అంటాయి. తప్పు మనది కాదు. 1842లో ఓవెన్ పెట్టిన ఆ పేరుకే గ్రీకులో భయంకరమైన బల్లి అని అర్థం. హైదరాబాదులోని బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం నిలబెట్టి ఉంది. గోదావరి లోయలో యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలవి, 1988లో పేరు పెట్టారు. పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళినప్పుడు రాక్షసబల్లి అనే చూపించండి, పేరు అలవాటైపోయింది. కానీ దాని చుట్టాలు ఇప్పుడెక్కడున్నాయని వాళ్ళు అడిగితే మాత్రం గోడమీది బల్లిని చూపకండి. కిటికీ బయట వాలిన కాకిని చూపండి.